ఆంగ్‌కోర్‌లో ఒక్క రోజు: పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ

కంబోడియాలో పాత గుళ్ళున్న ఆంగ్‌కోర్‌కి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఒక ప్యాకేజీలో. తెల్లవారుజామున నాలుగున్నరకి లేపి, సాయంత్రం ఆరింటిదాకా ఏడు గుళ్ళు తిప్పారు. ఇంటికొచ్చి ఫొటోలు చూసుకుంటే ఏది ఏ గుడో చెప్పలేకపోయాను. రాయి, మెట్లు, చెమట, మళ్ళీ రాయి. రెండోసారి అమ్మని తీసుకెళ్ళాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి నాలుగు చోట్లతో సరిపెట్టుకున్నాం. ఆ నాలుగూ ఇప్పటికీ నాకు రాయి రాయిగా గుర్తున్నాయి. ఈ మార్గదర్శి ఆ రెండో ప్రయాణం లెక్కన రాస్తున్నాను.

ముందుగా, ఈ రోజంతా దేని చుట్టూ తిరుగుతుందో చెప్తాను. ఆంగ్‌కోర్ వాట్ గుడి పడమటి ముఖంగా ఉంటుంది. దాని చుట్టూ ఉన్న పొడవాటి వసారాల గోడల మీద మన రామాయణ, భారత, భాగవత కథలు చెక్కారు. పొద్దుటి వెలుతురు తూర్పు గోడకి, సాయంత్రపు వెలుతురు పడమటి గోడకి అందుతుంది. అందుకని ఈ ఒక్క గుడినీ రోజులో రెండుసార్లు చూడాలి. మిగతావి మధ్యలో సర్దుకోవచ్చు. చాలామంది పొద్దున్నే సూర్యోదయం ఫొటో తీసుకుని, లోపల ఓ గంట తిరిగి, "ఆంగ్‌కోర్ వాట్ అయిపోయింది" అని టిక్కు పెట్టేసుకుంటారు. అసలు సంగతి గోడల మీద ఉంది. ఆ గోడల్ని గైడు లేకుండా చదవగలిగే అదృష్టం చిన్నప్పటి నుంచి హరికథలు విన్న మనలాంటివాళ్ళకే ఉంది.

బయలుదేరే ముందు

ఇండియన్ పాస్‌పోర్టుకి కంబోడియా వీసా కావాలి. 30 రోజుల టూరిస్టు వీసాని ఆ దేశ ప్రభుత్వ ఈ-వీసా సైట్లో ముందే తీసుకోవచ్చు. దిగాక విమానాశ్రయంలోనైనా 30 డాలర్లు కట్టి తీసుకోవచ్చు. అచ్చం ప్రభుత్వ సైట్‌లా కనిపిస్తూ రెట్టింపు గుంజే సైట్లు చాలా ఉన్నాయి, అడ్రసు చూసుకుని మరీ కట్టండి. ఇది కాక ఈ-అరైవల్ అనే ఫారం ఒకటుంది. దిగే తేదీకి ముందు ఏడు రోజుల్లోపు ఆన్‌లైన్లో నింపాలి, డబ్బులేమీ లేవు. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలుండాలి.

మనం దిగాల్సిన ఊరు సియామ్ రీప్. పాత వ్యాసాల్లో "విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి పావుగంట" అని రాసి ఉంటుంది, నమ్మకండి. 2023 అక్టోబర్‌లో కొత్త విమానాశ్రయం తెరిచారు. అది ఊరికి దాదాపు 50 కిలోమీటర్లు, గంట ప్రయాణం. ఒక్కరోజు ట్రిప్పు వేసుకునేవాళ్ళు ఈ రానూపోనూ రెండు గంటలూ లెక్కలో పెట్టుకోవాలి. అర్ధరాత్రి దిగి నాలుగింటికి సూర్యోదయానికి పరిగెత్తే ప్లాన్ మాత్రం వద్దు. థాయిలాండ్ నుంచి బస్సులో వెళ్దామనుకునేవాళ్ళు సరిహద్దు పరిస్థితి ముందే కనుక్కోండి. 2025లో గొడవలొచ్చి ఆ దారి మూసేశారు.

డబ్బు విషయానికొస్తే, అక్కడ అమెరికన్ డాలర్లు మామూలుగా చెల్లుతాయి. చిల్లర మాత్రం వాళ్ళ రియెల్స్‌లో ఇస్తారు. డాలరుకి సుమారు 4,000 రియెల్స్. అంచు కాస్త చిరిగినా, పెన్నుగీత పడినా ఆ డాలరు నోటు తీసుకోరు. ఇక్కడ మార్చుకునేటప్పుడే ఒక్కో నోటూ వెలుతురుకి పట్టి చూసుకోండి, 1, 5, 10 డాలర్ల నోట్లు ఎక్కువ అడగండి. కొబ్బరిబోండానికి యాభై తీస్తే ఆ అమ్మాయి పక్క నాలుగు కొట్లకి పరిగెత్తాల్సి వస్తుంది.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్ అంటే బెజవాడ ఎండ, దానికి కాకినాడ ఉక్క కలిపినట్టు. వానాకాలాన్ని చాలామంది కొట్టిపారేస్తారు గానీ నాకు అదే నచ్చింది. వాన సాధారణంగా మధ్యాహ్నం పూట దంచి వెళ్ళిపోతుంది, రాళ్ళ మీద పాచి పచ్చగా మెరుస్తుంది, జనం సగమే ఉంటారు. కాకపోతే మెట్లు జారతాయి.

బట్టలు: భుజాలు, మోకాళ్ళు కప్పేలా ఉండాలి. స్లీవ్‌లెస్ మీద చున్నీ కప్పుకుంటే చాలనుకోవద్దు, పై అంతస్తు దగ్గర ఒప్పుకోరు. మొదటి ట్రిప్పులో నేను నిక్కరేసుకుని వెళ్ళి, నలభై నిమిషాలు లైన్లో నిలబడి, మెట్ల దగ్గర నుంచి వెనక్కొచ్చాను. అమ్మ చీరకి మాత్రం ఎక్కడా ఎవరూ అడ్డు చెప్పలేదు. కాళ్ళకి పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. గుడి కదా అని చెప్పులు విప్పనక్కర్లేదు. అమ్మ వినలేదు, మొదటి గుమ్మం దగ్గరే విప్పేసి చేతిసంచిలో పెట్టుకుంది. తొమ్మిదయ్యేసరికి రాయి కాలి, తనే మళ్ళీ తొడుక్కుంది.

ముందు రోజు సాయంత్రం: టికెట్టు, టుక్‌టుక్

టికెట్టు గుడి దగ్గర అమ్మరు. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ప్రత్యేకంగా టికెట్ ఆఫీసు ఉంది, ఆన్‌లైన్లోనూ కొనుక్కోవచ్చు. ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. ఒక్కో టికెట్టు మీద 2 డాలర్లు పిల్లల ఆసుపత్రులకి వెళ్తాయి. మూడు రోజుల టికెట్టుని వరసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా సరే. పన్నెండేళ్ళలోపు పిల్లలకి ఉచితం, కానీ పాస్‌పోర్టు చూపించాలి. టికెట్టు మీద మన ఫొటో ఉంటుంది, ప్రతి గుడి దగ్గరా అడుగుతారు. పోగొట్టుకుంటే మళ్ళీ కొనుక్కోవడమే.

ఆఫీసుకే వెళ్ళి కొనేవాళ్ళకి ఒక లాభం ఉంది. సాయంత్రం అయిదు దగ్గర పడ్డాక కొన్న ఒక రోజు టికెట్టు మర్నాటికి చెల్లుతుంది, పైగా ఆ సాయంత్రం కూడా లోపలికి వదులుతారు. అంటే సూర్యాస్తమయం ఉచితం. సూర్యాస్తమయానికి అందరూ చెప్పే నామ్ బాఖెంగ్ కొండ పైన ఒకసారికి 300 మందినే ఉండనిస్తారు, ఆ లైను చూస్తేనే నీరసం వస్తుంది. దానికి బదులు ప్రీ రూప్ గుడికి వెళ్ళండి. పదో శతాబ్దపు గుడి, పైకెక్కితే చుట్టూ వరి పొలాలు. ఈ రెండూ రాత్రి ఏడింటిదాకా తెరిచి ఉంటాయి.

టుక్‌టుక్ ముందు రోజే మాట్లాడుకోండి. సూర్యోదయం నుంచి సాయంత్రం దాకా సుమారు 20, 25 డాలర్లు. ఫోన్లో యాప్‌లు కూడా పనిచేస్తాయి గానీ, తెల్లవారుజామున బండి దొరుకుతుందో లేదో అన్న టెన్షన్ ఎందుకు? డ్రైవర్లకి "స్మాల్ సర్క్యూట్" అని 17 కిలోమీటర్ల చుట్టు అలవాటు. మీరేమీ చెప్పకపోతే అదే వరసలో తిప్పేస్తారు. మీ ప్లాన్ కాగితం మీద వేళలతో రాసి చూపించండి. ముఖ్యంగా రెండు విషయాలు ముందే ఒప్పించుకోవాలి: మధ్యాహ్నం హోటల్‌కి తిరిగి రావడం, సాయంత్రం మళ్ళీ ఆంగ్‌కోర్ వాట్‌కే వెళ్ళడం. మా టుక్‌టుక్ అతను రెండో మాట విని, "పొద్దున చూశాక మళ్ళీ ఎందుకు?" అన్నట్టు అమ్మ వైపు చూశాడు. అమ్మకి ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు. రోజంతా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

4:30 – 6:15: చీకట్లో

ఊళ్ళోంచి నాలుగున్నరకి బయల్దేరితే అయిదింటికి గుడి తలుపు తీసే వేళకి అక్కడుంటారు. సూర్యోదయం జూన్‌లో అయిదున్నర దాటాక, జనవరిలో ఆరున్నర దగ్గర. మీ తేదీకి ఎప్పుడో చూసుకుని ముప్పావుగంట ముందుండండి. ఫోన్ టార్చి చాలు, కానీ రాళ్ళు ఎగుడుదిగుడు, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోండి. దోమల మందు రాసుకోవడం మర్చిపోకండి.

ముందుగా దాటేది కందకం. 190 మీటర్ల వెడల్పు, చుట్టుకొలత అయిదు కిలోమీటర్లకి పైగా. శత్రువుల కోసం అనుకుంటాం గానీ, దీనికి ఇంకో పని ఉంది. ఇంత బరువున్న గుడి ఇసుక నేల మీద కూర్చుంది. ఆ ఇసుకలో తడి ఒకే స్థాయిలో ఉన్నంతకాలం అది గట్టిగా ఉంటుంది. చుట్టూ నీళ్ళు నిలిచి ఉండటం వల్ల భూగర్భజలం పడిపోకుండా ఉండి, ఎనిమిది వందల ఏళ్ళు దాటినా పునాది కదల్లేదు.

కందకం దాటి పడమటి గోపురంలోకి వెళ్ళగానే కుడి వైపు చూడండి. ఎనిమిది చేతుల విష్ణుమూర్తి నిలబడి ఉంటాడు, ఒంటి మీద కాషాయ వస్త్రం. ఈ గుడి పన్నెండో శతాబ్దం మొదటి సగంలో రెండో సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించింది. తర్వాత బౌద్ధుల చేతికి వచ్చింది. ఈ విగ్రహానికి మాత్రం ఊరివాళ్ళు ఇప్పటికీ అగరొత్తులు వెలిగిస్తారు. అమ్మ కూడా ఒకటి వెలిగించింది.

అక్కడి నుంచి లోపలి దారి 350 మీటర్లు. ఎడమ చేతి వైపు కొలను దగ్గరే అందరూ గుమికూడతారు, గోపురాలు నీళ్ళలో కనపడేది అక్కడే. ఫోన్లు గాల్లోకి లేపుకుని నాలుగైదు వరసల జనం. బాగుంటుంది, కాదనను. పది నిమిషాలు చాలు.

అక్కడ నిలబడే అమ్మ అడిగింది. "సూర్యుడు గుడి వెనకాల నుంచి వస్తున్నాడేంట్రా? మన సామర్లకోట భీమేశ్వరస్వామి గుడిలా తూర్పు ముఖం కాదా ఇది?" కాదు. పడమర విష్ణువు దిక్కు అని కొందరు, పడమర మృత్యువు దిక్కు కాబట్టి ఇది రాజుగారి సమాధి కూడా అని కొందరు పండితులు అంటారు. రెండో వాదానికి ఒక గట్టి ఆధారం గోడల మీదే ఉంది. గోడల మీది కథల్ని వరసగా చూడాలంటే గుడిని ఎడమ చేతి వైపు ఉంచుకుని నడవాలి. మనం చేసే ప్రదక్షిణానికి సరిగ్గా వ్యతిరేకం. అపసవ్యం. ఆ మాట చెప్పగానే అమ్మ కాసేపు ఆగింది. "పితృకార్యంలోలా," అంది.

6:15 – 9:00: దక్షిణం గోడ, తూర్పు గోడ

సూర్యుడు పైకి రాగానే జనం హోటళ్ళకి టిఫిన్లకి బయల్దేరతారు. సరిగ్గా అప్పుడే మీరు లోపలికి వెళ్ళాలి. రోజు మొత్తంలో ఆంగ్‌కోర్ వాట్ ఖాళీగా దొరికే గంట ఇదే.

గుడి ముఖద్వారం నుంచి కుడికి తిరిగితే కురుక్షేత్రం గోడ వస్తుంది. ఇప్పుడు దాని మీద వెలుతురుండదు, ఆగకుండా సాగిపోండి, సాయంత్రం దాని పని చూద్దాం. మూల మలుపులో చిన్న మంటపం ఉంటుంది. అక్కడ ఆగాల్సిందే. గోడల మీద కాస్త వెతికితే గోవర్ధనగిరి ఎత్తిన కృష్ణుడు, కైలాసాన్ని ఊపుతున్న రావణుడు, వాలి వధ దొరుకుతాయి. వాలి చుట్టూ కోతులు ఏడుస్తుంటాయి. ఒక్కో కోతి ఏడుపు ఒక్కో రకంగా ఉంటుంది.

తర్వాత దక్షిణపు వసారా. మొదటి సగంలో సూర్యవర్మ ఊరేగింపు. అందరిలోకీ ఎక్కువ గొడుగులు ఎవరికున్నాయో లెక్కపెట్టండి, పదిహేను గొడుగుల కింద ఏనుగు మీద ఉన్నవాడే రాజు. రెండో సగం స్వర్గనరకాలు. దున్నపోతు మీద చాలా చేతులతో యముడు, ఆయన పక్కన చిత్రగుప్తుడు. పైన పల్లకీల్లో స్వర్గానికి వెళ్ళేవాళ్ళు, కింద 32 నరకాలు. స్వర్గాలు చప్పగా ఉంటాయి, శిల్పులు తమ ప్రతిభంతా నరకాల్లో చూపించారు. ఒంటినిండా మేకులు దిగ్గొట్టిన ఒక మనిషి ముందు ఒక స్కూలు పిల్లల గుంపు చాలాసేపు నిలబడింది.

ఇక తూర్పు వసారా, ఎడమ సగం. క్షీరసాగర మథనం. ఈ ఒక్క గోడకి అరగంట ఇవ్వండి.

పొడవు 49 మీటర్లు. ఎడమ వైపు 92 మంది అసురులు, కుడి వైపు 88 మంది దేవతలు, మధ్యలో మందరం, దాని ముందు విష్ణువు, కింద కూర్మం. ముందుగా అసురుల చివరి నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా నడవండి. అందరి కాళ్ళూ ఒకే కోణంలో వంగి ఉంటాయి, నడుస్తుంటే ఆ వరస కదులుతున్నట్టు ఉంటుంది. కిరీటాలు, కళ్ళు చూస్తే ఎవరు ఏ పక్షమో తెలిసిపోతుంది. అసురులవి గుండ్రటి గుడ్లు, దేవతలవి బాదంగింజల్లాంటి కళ్ళు.

అమ్మ వెళ్ళి వాసుకి తల ఎటుందో చూసింది. అసురుల వైపే. "చూశావా, తలవైపు పట్టుకోవడం గొప్పని వీళ్ళే పట్టుబట్టారు, విషపు పొగలన్నీ వీళ్ళ మొహానే కొట్టాయి," అని నవ్వింది. ఆపైన తోకవైపు చివరికి వెళ్ళి ఆగిపోయింది. తోక పట్టుకున్నది ఒక కోతి. అక్కడి గైడ్లు హనుమంతుడంటారు. "సముద్ర మథనంలో హనుమంతుడేంట్రా! ఆయన పుట్టింది త్రేతాయుగంలో కదా." ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కథ సముద్రం దాటేటప్పుడు కొన్ని సామాన్లు మారిపోతాయి.

ఇప్పుడు విష్ణువు కాళ్ళ దగ్గర, కూర్మం పక్కన వంగి చూడండి. సముద్రంలో చేపలు, మొసళ్ళు చెక్కారు. చివర్లలో అవి మామూలుగా ఈదుతుంటాయి. చిలికే చోటుకి దగ్గరయ్యేకొద్దీ గుంపులు పెరుగుతాయి, కవ్వం పక్కనున్న చేపలు రెండు ముక్కలైపోయి ఉంటాయి. తోడేసిన పెరుగులో కవ్వం తిప్పినప్పుడు ఎలా ఉంటుందో గమనించిన చెయ్యి అది. పొద్దుటి వెలుతురు ఏటవాలుగా పడటం వల్లే ఆ లోతు తక్కువ గీతలు కనపడతాయి, మధ్యాహ్నం వస్తే అంతా చదునుగా ఉంటుంది.

తూర్పు వసారా కుడి సగం, ఉత్తరపు వసారాలో తూర్పు సగం చాలా తర్వాత, పదహారో శతాబ్దంలో చెక్కినవి. పనితనం తక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నిశ్చింతగా వదిలెయ్యొచ్చు.

అక్కడి నుంచి లోపలికి వెళ్తే పై అంతస్తు, బాకాన్ అంటారు. గుడితో పాటే కాదు, కాస్త పొద్దెక్కాక తెరుస్తారు. అసలు రాతి మెట్లు గోడ ఎక్కినట్టుంటాయి, వాటి మీద చెక్కమెట్లు వేశారు. అయినా నిటారే. ఒకసారికి వంద మందినే పంపిస్తారు. బౌద్ధుల పుణ్యదినాల్లో మూసేస్తారు, అవి చంద్రుణ్ణి బట్టి నెలకి నాలుగొస్తాయి, మీ హోటల్లో ముందే అడగండి. పన్నెండేళ్ళలోపు పిల్లల్ని, గర్భిణుల్ని ఎక్కనివ్వరు. అమ్మ కింద నీడలో కూర్చుని గోడల మీది దేవతా స్త్రీల జడలు చూస్తూ గడిపింది. గుడిలో మొత్తం 1,700కి పైగా ఉన్నారట అలాంటివాళ్ళు, ఏ ఇద్దరి సింగారమూ ఒకేలా ఉండదు. నేను దిగొచ్చేసరికి ఆవిడ ఆరు రకాల కొప్పులు నాకు చూపించింది. పైన ఏం చూశావని అడగలేదు.

టాయిలెట్లు గుళ్ళ దగ్గరే ఉన్నాయి, టికెట్టు చూపిస్తే డబ్బులక్కర్లేదు. బయటికొచ్చాక రోడ్డు అవతల టిఫిన్ కొట్లున్నాయి.

శాకాహారులకి ఒక హెచ్చరిక. "నో మీట్" అంటే సరేనంటారు, కానీ వేపుడులో చేపల సాస్ పోస్తారు. అది వాళ్ళకి ఉప్పుతో సమానం. ఫోన్లో వాళ్ళ ఖ్మేర్ భాషలో "మాంసం, చేప, చేపల సాస్ ఏవీ వద్దు" అని అనువాదం చేసి చూపించడం నయం. పొద్దుటికి అరటిపళ్ళు, ఫ్రూట్ షేకులు ఎలాగూ దొరుకుతాయి. మేం పులిహోర కట్టుకెళ్ళాం. టుక్‌టుక్ అతనికీ పెట్టింది అమ్మ, ఎండుమిర్చి తీసేసి.

9:30 – 11:30: ఆంగ్‌కోర్ థామ్

ఇది గుడి కాదు, కోట ఊరు. 1177లో పొరుగున ఉన్న చంపా రాజ్యం వాళ్ళు వచ్చి రాజధానిని దోచుకున్నాక, ఏడో జయవర్మ అనే రాజు కట్టించుకున్నాడు. ఒక్కో వైపూ మూడు కిలోమీటర్లు, ఎనిమిది మీటర్ల ఎత్తు గోడ.

దక్షిణ ద్వారం దగ్గర బండి ఆపించి, వంతెన నడిచే దాటండి. ఎడమ వైపు 54 మంది దేవతలు, కుడి వైపు 54 మంది అసురులు నాగుపాముని పట్టుకుని ఉంటారు. పొద్దున గోడ మీద చూసిన కథే ఇప్పుడు మన మధ్యలోంచి లాగుతున్నట్టు ఉంటుంది. కొన్ని తలలు కొత్తవి, అసలువి దొంగలు ఎత్తుకెళ్ళకుండా భద్రపరిచారు.

ఊరి నడిబొడ్డున బయోన్. రాతి ముఖాల గుడి, రెండొందలకి దగ్గరగా ముఖాలు. అందరూ పైకెక్కి ముఖాలతో ఫొటోలు దిగుతారు. మీరు కింది వసారాలో దక్షిణపు గోడ చూడండి. పై వరసల్లో చంపా సైన్యంతో పడవల యుద్ధం, కింది వరసలో ఎనిమిది వందల ఏళ్ళ కిందటి సంసారం. కోడిపందేలు, త్రాసు పట్టుకున్న బజారు ఆడవాళ్ళు, పొయ్యి మీద వంట, పురుడు పోసుకుంటున్న ఆవిడ. గోదావరి జిల్లాల వాళ్ళయితే కోడిపందెం దగ్గర కాసేపు ఆగుతారు, ఆ పుంజుల్ని పట్టుకున్న తీరు మారలేదు.

పక్కనే బఫువోన్. ఎక్కకపోయినా దాని కథ తెలుసుకోవాలి. బాగుచేద్దామని ఫ్రెంచివాళ్ళు గుడిని రాయి రాయిగా విప్పి, సుమారు మూడు లక్షల రాళ్ళకి నంబర్లు రాసి అడవిలో పరిచారు. ఇంతలో యుద్ధం వచ్చింది, ఖ్మేర్ రూజ్ అనే నిరంకుశ ప్రభుత్వం కాలంలో ఆ నంబర్ల రికార్డులు నాశనమయ్యాయి. మిగిలింది మూడు లక్షల ముక్కల పజిల్, బొమ్మ లేని డబ్బా. పూర్తి చేసేసరికి 2011 అయింది. ఏనుగుల వేదిక రోడ్డు పక్కనే, టుక్‌టుక్ లోంచే చూడొచ్చు.

11:30 – 2:00: ఏమీ చూడకండి

హోటల్‌కెళ్ళి స్నానం చేసి, తిని, పడుకోండి. పాడు ఎండలో ఇంకో గుడి చూసి సాధించేదేమీ లేదు. మొదటి ట్రిప్పులో మా బస్సులో ఇద్దరికి వడదెబ్బ తగిలింది ఈ వేళలోనే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి, మనిషికి రెండు మూడు లీటర్ల నీళ్ళు పడతాయి. సియామ్ రీప్‌లో ఇండియన్ హోటళ్ళున్నాయి, అన్నం పప్పు దొరుకుతాయి.

దారిలో తాటిచెట్లు చూస్తారు, మనవే, అదే జాతి. తాటిబెల్లం చిన్న చిన్న బిళ్ళలుగా చేసి తాటాకులో చుట్టి అమ్ముతారు. ఇంటికి తీసుకెళ్ళడానికి ఇంతకంటే మంచి వస్తువు అక్కడ నాకు కనపడలేదు. బోర్డుల మీద వాళ్ళ అంకెలు కూడా గమనించండి. ఖ్మేర్ లిపి దక్షిణాది పల్లవ లిపి నుంచి వచ్చింది. వాళ్ళ రెండు, మూడు మన పాత ౨, ౩ లాగే ఉంటాయి. అమ్మ ఒక కొట్లో ధరలు తనంతట తనే చదివేసింది.

2:00 – 3:30: తా ప్రోమ్

చెట్లు మింగేసిన గుడి. ఫ్రెంచి సంరక్షకులు కావాలనే దీన్ని అడవిలో దొరికినట్టే చాలావరకు వదిలేశారు. ఒక గేటు దగ్గర దించి మరో గేటు దగ్గర ఎక్కించుకోమని చెప్పండి, వెనక్కి నడిచే పని తప్పుతుంది.

1186లో ఏడో జయవర్మ తన తల్లి పేరున కట్టించిన గుడి ఇది. ఇక్కడి శాసనంలో లెక్కలన్నీ ఉన్నాయి. గుడికి 79,365 మంది పనిచేసేవారు, అందులో 615 మంది నర్తకులు. ఆ నర్తకుల పేరుతో పిలిచే మంటపాన్ని మన ఆర్కియాలజీ వాళ్ళు పడిపోయిన రాళ్ళు ఏరి మళ్ళీ నిలబెట్టారు, 2022లో ప్రారంభించారు. గుమ్మం పైన వరసగా నాట్యం చేస్తున్న అప్సరసలు కనిపిస్తారు. బోర్డు మీద భారతదేశం పేరు చూసి అమ్మ నా చేత ఫొటో తీయించుకుంది. ఆ రోజు మొత్తంలో ఆవిడ అడిగి తీయించుకున్న ఫొటో అదొక్కటే.

చెట్టు వేళ్ళ దగ్గర ఫొటోకి లైనుంటుంది. అయిదు నిమిషాలు దాటితే వదిలెయ్యండి, అలాంటి చెట్లు లోపల ఇంకా ఉన్నాయి. పోస్టుకార్డులమ్మే పిల్లలు వెంటపడితే మనసు కరుగుతుంది, అయినా కొనకండి. కొంటే బడి మానేసి రేపు కూడా ఇక్కడికే వస్తారని అక్కడి అధికారులే చెప్తారు.

4:00 – 5:30: మళ్ళీ ఆంగ్‌కోర్ వాట్

అదే టికెట్టు, మళ్ళీ వదులుతారు. పొద్దున నల్లటి నీడలా కనపడిన గుడి ఇప్పుడు బంగారు రంగులో ఎదురుగా ఉంటుంది. ఫొటో తీయాల్సిన వేళ నిజానికి ఇది.

ముఖద్వారం నుంచి ముందు ఎడమకి తిరగండి, లంకా యుద్ధం. హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తున్న రాముడు, వెనకాల లక్ష్మణుడు, విభీషణుడు. ఎదురుగా రథం మీద ఇరవై చేతుల రావణుడు. మధ్యలో కోతులూ రాక్షసులూ పళ్ళతో, గోళ్ళతో కలబడుతుంటారు, ఎవరి కాలు ఎవరిదో విడదీయడానికే పావుగంట పడుతుంది. పడమటి ఎండ స్తంభాల మధ్య నుంచి నేరుగా గోడ మీద పడుతుంది.

వెనక్కొచ్చి కుడివైపు కురుక్షేత్రం. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు నడిచొస్తుంటారు, అంచుల్లో కవాతులా ఉన్నది మధ్యకొచ్చేసరికి ముద్దయిపోతుంది. నాలుగు చేతుల సారథి కనపడితే ఆ రథం అర్జునుడిది. కొన్ని బొమ్మలు నల్లగా నిగనిగలాడతాయి, తరతరాల చేతులు తగిలి. మీరు ముట్టుకోకండి.

అమ్మకి కౌరవుల వైపు, గోడ మొదట్లోనే, పై వరసలో ఏదో కనపడింది. ఒళ్ళంతా బాణాలు, వాటి మీద వెల్లకిలా మనిషి, చుట్టూ తలలు వంచిన వాళ్ళు.

"ఒరేయ్, అంపశయ్య."

బయట మెట్ల దగ్గర కూర్చున్న మా టుక్‌టుక్ అతన్ని కూడా పిలిచింది. ఆయనెవరో, ఎందుకలా పడుకున్నాడో, ఉత్తరాయణం దాకా ప్రాణం ఎలా బిగబట్టాడో, అంతా తెలుగులోనే చెప్పింది. అతను చేతులు కట్టుకుని విన్నాడు. ఎండ భీష్ముడి మీద నుంచి జరిగి పక్క ఏనుగు మీదకి వెళ్ళింది.

అయిదున్నరకి గార్డులు అందర్నీ బయటికి కదిలించడం మొదలుపెడతారు. రోడ్డు దాకా పావుగంట నడక, పెద్దవాళ్ళుంటే ఇంకాస్త. మధ్య దారిలో అమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, "ఆ ఉత్తరపు గోడ కూడా చూడాల్సింది, రేపు పొద్దున్నే వద్దామా?" అంది. ఒక రోజు టికెట్లు రెండు కొంటే మనిషికి 74 డాలర్లు. మూడు రోజులది 62.